సిపాయి నిద్రకు మూడు నిమిషాల పాఠం



సైనికుల నిద్ర అలవాట్లు బాగుపడటానికి మొబైల్ ఫోన్లో చిన్న చిన్న పాఠాలు ఎలా తయారుచేయాలన్నది ఈరోజు నేను మాట్లాడబోయే విషయం. ఈ మాట చెప్పగానే ఎవరైనా ముందు అడిగేది ఒకటే. నిద్ర చెడగొట్టేదే ఫోను కదా, మళ్ళీ అందులోనే నిద్ర పాఠమేమిటి? న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెబుతాను. కానీ అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటి ఉంది. సైనికుడి నిద్ర ఎవరి చేతిలో ఉంది? పెద్దవాళ్ళకు పాఠాలు రాసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ రెండో ప్రశ్న నన్ను వదలదు. దీనికి జవాబు తెలుసుకోకుండా రాసిన పాఠం ఎంత అందంగా ఉన్నా జవానుకు అక్కరకు రాదు.

నేను ఎక్కువగా అమెరికా సైన్యం అనుభవమే చెబుతాను. అక్కడ వాల్టర్ రీడ్ సైనిక పరిశోధన సంస్థ దశాబ్దాలుగా నిద్ర మీద పనిచేస్తోంది. తప్పులు జరిగినప్పుడు విచారణ చేసి, ఆ నివేదికలను అందరూ చదివేలా బయటపెట్టారు. నేర్చుకోవడానికి మనకు దారి దొరికింది అందుకే.

2017 జూన్ 17. జపాన్ తీరానికి దగ్గర్లో, అర్ధరాత్రి దాటి ఒకటిన్నర వేళ, ఫిట్జ్‌గెరాల్డ్ అనే అమెరికా యుద్ధనౌక ఒక సరుకుల నౌకను ఢీకొంది. నావికులు పడుకునే గదిలోకి సముద్రం వచ్చేసింది. ఏడుగురు చనిపోయారు. రెండు నెలలు తిరిగేసరికి, ఆగస్టు 21 తెల్లవారుజామున, సింగపూర్ దగ్గర జాన్ ఎస్. మెకెయిన్ అనే ఇంకో యుద్ధనౌక చమురు ట్యాంకర్‌కు అడ్డంగా వెళ్ళింది. అక్కడ పదిమంది. శిక్షణ చాలకపోవడం, చుక్కానిని తెర మీద మీటలతో తిప్పే కొత్త పద్ధతి గందరగోళంగా ఉండటం, ఇలా కారణాలు చాలా తేలాయి. వాటి మధ్య నిద్ర కూడా ఉంది. మెకెయిన్ నౌకను నడిపే చోట ఆ వేళ ఉన్నవాళ్ళు అంతకుముందు 24 గంటల్లో సగటున ఐదు గంటలైనా పడుకోలేదని అమెరికా రవాణా భద్రతా సంస్థ తన విచారణలో రాసింది.

ఆ రోజుల్లో చాలా నౌకల్లో డ్యూటీ పద్ధతి ఒకటి ఉండేది. ఐదు గంటలు కాపలా, పది గంటలు విరామం. వినడానికి పది గంటల విరామం బాగానే ఉంటుంది. కానీ ఐదూ పదీ కలిపితే పదిహేను. రోజుకేమో ఇరవైనాలుగు గంటలు. కాబట్టి ఈరోజు రాత్రి పదింటికి పడుకున్నవాడు మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు పడుకోవాలి, ఆ మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి. పైగా ఆ పది గంటల్లోనే శుభ్రం చేసే పనీ, మరమ్మతులూ, భోజనం, డ్రిల్లూ అన్నీ ఉంటాయి. మన ఒంట్లో ఒక గడియారం ఉంది. తెల్లవారుజాము నాలుగైదు గంటల మధ్య ఒంటి వేడి అన్నిటికంటే తక్కువకు దిగుతుంది, మెలకువ కూడా అప్పుడే అడుగంటుతుంది. రోజుకో వేళకు పడుకుంటే ఆ గడియారానికి ఎక్కడా పట్టు దొరకదు. కాలిఫోర్నియాలోని మాంటెరేలో నౌకాదళ ఉన్నత విద్యాలయం ఉంది. అక్కడి ఆచార్యురాలు నీటా షాటక్ ఏళ్ళ తరబడి ఈ మాటే చెబుతూ వచ్చారు. మూడు గంటలు డ్యూటీ, తొమ్మిది గంటలు విరామం పెట్టండి, మొత్తం పన్నెండు అవుతుంది, ప్రతివాడికీ ప్రతిరోజూ అదే వేళకు డ్యూటీ, అదే వేళకు నిద్ర వస్తాయి అన్నారు. 2017 ప్రమాదాల తర్వాత ఒంటి గడియారానికి కుదిరే డ్యూటీ పట్టికలు వేయమని నౌకాదళం ఆదేశాలు ఇచ్చింది.

ఇప్పుడు పాఠం సంగతికి వద్దాం. పదిహేను గంటల చక్రంలో తిరుగుతున్న ఆ నావికుడి ఫోనుకు 'ప్రతిరోజూ ఒకే వేళకు పడుకోండి' అని అందమైన బొమ్మతో ఒక పాఠం పంపామనుకోండి. అది అతనికి ఎలా వినిపిస్తుంది? తన చేతిలో లేనిదాన్ని తన తప్పుగా చూపిస్తున్నట్టు ఉంటుంది. ఆ పాఠం వెళ్ళవలసింది పట్టిక వేసే అధికారికి. నా దృష్టిలో ఈ పనికంతటికీ ఇదే మొదటి సూత్రం. ఏది ఎవరి చేతిలో ఉందో చూసి, పాఠం ఆ చేతికే ఇవ్వాలి. జవాను చేతిలో ఉన్నది కొంచెమే. కానీ ఆ కొంచెం విలువైనది, దాని గురించి శ్రద్ధగా రాయాలి.

మొదటి చిక్కు ఏమిటంటే, తనకు నిద్ర చాలడం లేదన్న సంగతి జవానుకే తెలియదు. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళను రెండు వారాలపాటు ప్రయోగశాలలో ఉంచారు. కొందరికి రాత్రికి ఎనిమిది గంటలు, కొందరికి ఆరు, కొందరికి నాలుగు గంటలే పడుకునే అవకాశం ఇచ్చారు. రోజూ వాళ్ళకు ఒక పరీక్ష. తెర మీద అంకెలు కనపడగానే మీట నొక్కాలి, అంతే. ఆరు గంటలు పడుకున్నవాళ్ళు రెండు వారాలు గడిచేసరికి, ఒకటి రెండు రాత్రులు అసలు కన్ను మూయని వాళ్ళ స్థాయికి దిగిపోయారు. మరి మీకు ఎలా ఉంది అని అడిగితే? కాస్త మత్తుగా ఉంది, పరవాలేదు అన్నారు. చెయ్యి రోజురోజుకూ మందగిస్తూనే ఉంది, మనసేమో అలవాటు పడిపోయిందనుకుంది. అమెరికా సైనికుల్లో సగానికి మించినవాళ్ళు ఆరు గంటలు, అంతకన్నా తక్కువ పడుకుంటున్నామని సర్వేల్లో చెప్పారు. అంటే ఆ ప్రయోగశాల పరిస్థితి వాళ్ళకు రోజువారీ జీవితం.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు మన పెద్దలు. ట్రక్కు వెనక, రాళ్ళ మీద, తలకింద హెల్మెట్ పెట్టుకుని క్షణంలో నిద్రపోయే సిపాయిని చూసి, వీడికి నిద్ర బెంగ లేదు, ఎక్కడైనా పడుకోగలడు అని మెచ్చుకుంటాం. తల వాల్చగానే నిద్ర పట్టడం గొప్పతనం కాదు. నిద్ర బాకీ పేరుకుపోయిందనడానికి అది గుర్తు.

అందుకని మొదటి పాఠంలో ఏమీ చెప్పకూడదంటాను. నిద్ర ముఖ్యం, ఎనిమిది గంటలు పడుకోవాలి, ఇవన్నీ అతను వందసార్లు విన్నాడు. మొదటి పాఠం ఆ మీట పరీక్షే కావాలి. అసలు పరీక్ష పది నిమిషాలది, దానికి మూడు నిమిషాల రూపం కూడా ఉంది. రాత్రి కాపలా చేసి వచ్చిన రోజు ఒకసారి, సెలవు మీద ఇంట్లో నాలుగు రోజులు కడుపునిండా నిద్రపోయాక ఒకసారి అదే పరీక్ష చేయించాలి. అర సెకను దాటినా వేలు కదలని సందర్భాలు అప్పుడెన్ని, ఇప్పుడెన్ని? ఆ రెండు అంకెలు పక్కపక్కన చూపించి పాఠం ఆపెయ్యాలి. వ్యాఖ్యానం వద్దు. తన చేతివేలు చెప్పిన మాటను సిపాయి కొట్టిపారేయలేడు.

చిన్న పాఠాలే ఎందుకు అన్నదానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. సంవత్సరానికోసారి అందరినీ హాల్లో కూర్చోబెట్టి గంటసేపు స్లైడ్లు చూపించి హాజరు పట్టీలో సంతకాలు తీసుకునే పద్ధతి చాలా సైన్యాల్లో ఉంది. విన్నది వారం తిరిగేసరికి జారిపోతుంది. మరపు ఎంత వేగంగా వస్తుందో, మధ్య మధ్య ఎడమిచ్చి మళ్ళీ చదివితే ఎలా నిలుస్తుందో జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే కొలిచి చూపించాడు. అమెరికా రక్షణశాఖలో దూరశిక్షణ వ్యవహారాలు చూసే ఏడీఎల్ అనే విభాగం పెర్ల్స్ పేరుతో ఒక మొబైల్ యాప్ చేయించింది. అందులో పాఠాలు కార్డుల్లా ఉంటాయి. ఒక కార్డులో ఒక చిట్కా, ఇంకో కార్డులో ఒక ప్రశ్న. ఖాళీ దొరికినప్పుడు ఒకటి తిప్పి చూసుకోవచ్చు. రూపం బాగుంది. అయితే పాఠం చిన్నదైనంత మాత్రాన మంచిదైపోదు. గంట ఉపన్యాసాన్ని ఇరవై ముక్కలు చేసి పంపితే ఇరవై చిన్న ఉపన్యాసాలే అవుతాయి. ఒక పాఠం పూర్తయ్యాక ఆ పూటే చేయగలిగిన పని ఒకటి సిపాయి చేతిలో మిగలాలి. మిగలకపోతే ఆ పాఠం తీసెయ్యాలి.

ఒక పాఠం మొదటినుంచి చివరిదాకా ఎలా ఉంటుందో వినిపిస్తాను. విషయం కెఫీన్. 2010లో అఫ్గానిస్తాన్‌లో మోహరించిన అమెరికా సైనికుల్ని అడిగితే నూటికి దాదాపు 45 మంది రోజుకు ఒక ఎనర్జీ డ్రింకైనా తాగుతున్నామన్నారు. రోజుకు మూడు, అంతకుమించి తాగేవాళ్ళలో నాలుగు గంటలకు మించి నిద్రలేనివాళ్ళు ఎక్కువగా కనిపించారు. ఇక పాఠం. తెర తెరవగానే ఒక ప్రశ్న ఉంటుంది. 'సాయంత్రం నాలుగింటికి మీరు ఒక పెద్ద డబ్బా ఎనర్జీ డ్రింకు తాగారు. అందులో 160 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంది. రాత్రి తొమ్మిదింటికి ఒంట్లో ఎంత మిగులుతుంది?' జవాబులు మూడు: ఏమీ మిగలదు, ఇరవై, ఎనభై. చాలామంది మొదటిదో రెండోదో నొక్కుతారు. సరైన జవాబు ఎనభై. కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ. ఎనభై అంటే రమారమి ఒక కప్పు కాఫీ. పడుకునే ముందు మీరు కప్పు కాఫీ తాగి పడుకుంటున్నారన్నమాట. రాత్రి రెండింటికి కూడా ఇంకా నలభై ఉంటుంది. మధ్యరాత్రి మెలకువ వస్తోందా? కారణాల్లో ఇదొకటి కావచ్చు.

ఇక్కడిదాకా ఒక నిమిషం. తర్వాత అడగవలసింది ఇది. 'ఈరోజు మీరు పడుకునే వేళ ఎప్పుడు?' సిపాయి వేళ చెబుతాడు. అతను రాత్రి డ్యూటీవాడైతే అది ఉదయం ఎనిమిది కావచ్చు. యాప్ దానికి ఆరు గంటలు వెనక్కి లెక్కగట్టి, 'మీ చివరి డబ్బా మధ్యాహ్నం మూడులోపు' అనో, 'తెల్లవారుజాము రెండులోపు' అనో చూపిస్తుంది. ఆపైన ఒక వాక్యం అతనిచేతే పూర్తి చేయిస్తుంది. 'మూడు దాటాక నిద్ర తూగు వస్తే నేను ఏం చేస్తానంటే...' నీళ్ళు తాగుతాను, లేచి పది నిమిషాలు నడుస్తాను, పావుగంట కునుకు తీస్తాను. ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తానని ముందే అనుకున్నవాడు ఆ పని చేసే అవకాశం ఎక్కువని మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపించాయి. అంతటితో పాఠం అయిపోయింది. మొత్తం మూడు నిమిషాలు. మర్నాడు ఒకే ఒక ప్రశ్న: నిన్న చివరి డబ్బా ఎన్నింటికి? వారం తర్వాత మళ్ళీ ఆ ఎనభై ప్రశ్నే, అంకెలు మార్చి.

ఈ పాఠంలో కాఫీ మానెయ్యమని ఎక్కడా లేదని గమనించారా? యుద్ధరంగంలో ఉన్నవాడికి కెఫీన్ ఒక ఆయుధం. వాల్టర్ రీడ్ పరిశోధకులే వంద మిల్లీగ్రాముల కెఫీన్ ఉన్న చూయింగ్ గమ్‌ను సైన్యం కోసం పరీక్షించి చూశారు. కెఫీన్ ఎప్పుడు, ఎంత తీసుకుంటే మెలకువ బాగా నిలుస్తుందో లెక్కగట్టే పద్ధతిని కూడా అమెరికా సైనిక పరిశోధకులే తయారుచేశారు. సరైన వేళకు తీసుకుంటే అంతే మెలకువను 65 శాతం దాకా తక్కువ కెఫీన్‌తో సాధించవచ్చని 2018లో చూపించారు. కాబట్టి వేళ నేర్పితే చాలు. నీతి బోధ అక్కర్లేదు.

ఇంతకంటే కష్టమైన పాఠం మంచం గురించినది. నిద్రలేమి వైద్యంలో బాగా పరీక్షకు నిలిచిన సలహా ఒకటుంది. రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వవేత్త 1972లో చెప్పింది. నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకండి, లేచి వేరే గదిలోకి వెళ్ళండి, నిద్ర ముంచుకొచ్చినప్పుడే తిరిగి రండి. మంచం అంటే నిద్రే అని ఒంటికి మళ్ళీ అలవాటు చేయడం దీని ఉద్దేశం. సలహా నిక్కమైనదే. కానీ బ్యారక్‌లో ఉండే కుర్రవాడికి వేరే గది ఎక్కడిది? అతని మంచమే అతని కుర్చీ, బల్ల, భోజనం చేసే చోటు, అమ్మతో మాట్లాడే చోటు. పై మంచం మీద ఇంకొకడు నిద్రపోతుంటాడు. ఇళ్ళలో ఉండేవాళ్ళ కోసం రాసిన పాఠాన్ని అలాగే పంపితే సిపాయి మొదటి వాక్యం దగ్గరే మూసేస్తాడు. మాకు పనికొచ్చేది కాదులే అనుకుంటాడు, మిగతా పాఠాలు కూడా చూడడు.

అందుకని దాన్ని బ్యారక్‌కు తగ్గట్టు రాయాలి. పగటిపూట మంచం మీద కూర్చోవలసి వస్తే కాళ్ళవైపు కూర్చోండి, దుప్పటి మడిచి పెట్టండి. తలవైపు కూర్చున్నారంటే అది నిద్రకే. రాత్రి నిద్ర పట్టకపోతే లేచి, కాళ్ళు నేలకు ఆనించి, మీ సామాను పెట్టె మీద కూర్చోండి, లైటు వేయకండి, ఫోను తీయకండి, ఊపిరి నెమ్మదిగా వదలండి. కళ్ళు మూతలు పడుతుంటే తలవైపుకు తిరిగి రండి. వేరే గది లేనిచోట మంచం రెండు కొసలనూ రెండు గదులుగా చేయడమన్నమాట. 'చీకటిగా, చల్లగా, నిశ్శబ్దంగా ఉన్న గది' అన్న సలహాను కూడా ఇలాగే మార్చుకోవాలి. గుడారంలో చల్లదనం మన చేతిలో లేదు. కళ్ళకు గంత కట్టుకోవడం మన చేతిలో ఉంది. చెవుల్లో దూది పెట్టుకోవచ్చా అన్నది మాత్రం దళ నాయకుడిని అడగాలి. అలారం మోగితే వినపడాలి కదా.

ఇంకొక పాఠం పగటి కునుకుది. అమెరికా సైన్యం 2020 అక్టోబరులో విడుదల చేసిన ఎఫ్.ఎమ్. 7-22 అనే ఆరోగ్య, దేహదారుఢ్య గ్రంథంలో నిద్ర మీద ఒక అధ్యాయమే ఉంది. రాత్రి నిద్ర చాలనప్పుడు పగలు కునుకు తీయడాన్ని ఆ గ్రంథం బాహాటంగా సమర్థించింది. ఇది చిన్న మార్పు కాదు. పగలు కన్నుమూసినవాడు సోమరి అన్న భావం సైన్యంలో ఎంత గట్టిదో అందరికీ తెలుసు. కాబట్టి ఈ పాఠంలో నిమిషాల లెక్క కంటే ముందు, ఇది గ్రంథంలో ఉన్నదేనని సార్జెంట్ గొంతుతో వినిపించాలి. తర్వాత లెక్క. ఇరవై నిమిషాలు దాటితే గాఢనిద్రలోకి జారతారు. అందులోంచి లేపితే కొంతసేపు తల దిమ్ముగా ఉంటుంది, అప్పుడు ఆయుధం పట్టుకోకూడదు. ఉన్న వ్యవధి గంటన్నర అయితే పూర్తిగా పడుకోండి, లేకపోతే ఇరవై నిమిషాలే. రాబోయే వారం రాత్రి నిద్ర ఉండదని ముందే తెలిస్తే? వాల్టర్ రీడ్‌లో 2009లో చేసిన ప్రయోగం దానికి జవాబిచ్చింది. ముందు వారం రోజూ పది గంటలు మంచం మీద గడిపినవాళ్ళు, తర్వాతి వారం మూడేసి గంటల నిద్రను మిగతావాళ్ళకంటే బాగా తట్టుకున్నారు. నిద్రను ముందుగా కొంత దాచుకోవచ్చునన్నమాట.

ఇక మొదట అడిగిన ప్రశ్న. ఫోను. పాఠం ఎప్పుడు రావాలన్నది పాఠంలో ఏముందన్నంత ముఖ్యం. రాత్రి పదింటికి టింగుమని మోగి 'మంచి నిద్రకు అయిదు చిట్కాలు' అని చూపించే యాప్, నిద్రపోబోతున్న ఒకణ్ణి లేపుతుంది. ఆ వెలుగు కళ్ళలో పడుతుంది, దాని పక్కనే ఇంకేదో సందేశం కనిపిస్తుంది, గంట గడిచిపోతుంది. పాఠం ఉదయం వ్యాయామం అయ్యాకనో, భోజనం వరుసలో నిలబడ్డప్పుడో రావాలి. సిపాయి నిద్రవేళకు మూడు గంటల ముందునుంచి యాప్ నోరు మెదపకూడదు. పాఠం అయిపోగానే తర్వాతది దానంతట అదే మొదలు కాకూడదు. నక్షత్రాలు, పతకాలు, వరసగా ఎన్ని రోజులు చూశారన్న లెక్కలు, మనిషిని ఫోనుకు కట్టిపడేసే ఈ ఎత్తులన్నీ నిద్ర పాఠంలోకి రాకూడదని నా గట్టి అభిప్రాయం. రాత్రికి ఏమైనా ఉంటే తెర నల్లగా ఉంచి, గొంతు మాత్రమే వినిపించే రెండు నిమిషాల ఊపిరి అభ్యాసం ఉండాలి. అదీ నెట్‌వర్క్ లేనిచోట పనిచేసేలా ముందే ఫోన్లో దిగి ఉండాలి.

దీనికి తోడు గోప్యత. స్ట్రావా అనే వ్యాయామ యాప్ వాళ్ళు 2017 చివర్లో ప్రపంచపటం ఒకటి విడుదల చేశారు. వినియోగదారులు పరిగెత్తిన దారులన్నీ అందులో వెలుగు గీతలు. 2018 జనవరిలో ఒక విద్యార్థి దాన్ని పరిశీలించి, ఎడారుల్లో ఎవరూ లేనిచోట వెలుగుతున్న గీతలు సైనిక స్థావరాలని గుర్తుపట్టాడు. సైనికులు తమ చేతికున్న పట్టీతో స్థావరం చుట్టూ పరిగెత్తారు, అంతే. ఆ ఏడాది ఆగస్టులో పెంటగాన్ యుద్ధక్షేత్రాల్లో స్థానం తెలిపే పరికరాలనూ యాప్‌లనూ నిషేధించింది. నిద్ర పాఠం తయారుచేసేవాళ్ళు ఈ సంగతి మరచిపోకూడదు. ఒక దళం మొత్తం ఏ రాత్రి మెలకువగా ఉందో తెలిస్తే శత్రువుకు చాలా తెలిసినట్టే. శత్రువు దాకా ఎందుకు, నాకు నిద్ర పట్టడం లేదు, పీడకలలు వస్తున్నాయి అని యాప్‌లో రాస్తే అది పై అధికారికి చేరుతుందేమో, ప్రమోషన్ ఆగిపోతుందేమో అన్న భయం సిపాయికి ఉంటుంది. ఆ భయం ఉన్నంతకాలం అతను నిజం రాయడు. కాబట్టి వివరాలు ఫోన్లోనే ఉండాలి, ఎక్కడికీ పోకూడదు, స్థానం అసలే అడగకూడదు. ఈ మాట మొదటి కార్డులోనే, వకీలు భాషలో కాకుండా మామూలు మాటల్లో చెప్పాలి.

పాఠాలతో అన్నీ బాగుపడతాయని నేను అనడం లేదు. టెక్సాస్‌లోని ఫోర్ట్ హుడ్‌లో నిద్రలేమితో బాధపడుతున్న వందమంది సైనికులతో ఒక పరిశోధన జరిగింది. ఫలితాలు 2017లో వచ్చాయి. కొందరికి చికిత్సకుడు ఎదురుగా కూర్చుని చికిత్స చేశాడు, కొందరికి అదే చికిత్స ఇంటర్నెట్ ద్వారా అందింది, కొందరిని వేచి ఉండమన్నారు. ఇంటర్నెట్ చికిత్స అందినవాళ్ళకు మేలు జరిగింది. మనిషి ఎదురుగా ఉన్నవాళ్ళకు అంతకంటే ఎక్కువ మేలు జరిగింది. మన పాఠాలు ఈ రెండింటికంటే కూడా తేలికైనవి. అలవాట్లు చెడకుండా కాపాడగలవు, రోగాన్ని నయం చేయలేవు. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగిపోయేవాడికి, యుద్ధం నుంచి తిరిగొచ్చి ఏడాదైనా చిన్న చప్పుడుకు లేచి కూర్చునేవాడికి కాఫీ వేళల పాఠం ఇచ్చి పంపేయడం అన్యాయం. అలాంటివాళ్ళను గుర్తుపట్టే రెండు మూడు ప్రశ్నలు పాఠాల్లో ఉండాలి. అవునంటే, ఏ డాక్టర్ దగ్గరకు ఎలా వెళ్ళాలో చెప్పే కార్డు వెంటనే రావాలి.

మన తెలుగు ఊళ్ళలో సైన్యానికి బిడ్డల్ని పంపిన ఇళ్ళు చాలా ఉన్నాయి. పశ్చిమ గోదావరిలో మాధవరానికి మిలిటరీ మాధవరం అనే పేరే వచ్చింది. ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలో అలాంటి తల్లిదండ్రులు ఉంటారు కాబట్టి రెండు మాటలు. సియాచిన్‌లాంటి చోట్ల, అయిదు వేల మీటర్లు దాటిన ఎత్తులో, నిద్ర తీరే వేరు. పలచటి గాలిలో మనిషి వేగంగా ఊపిరి తీస్తాడు, రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది, దాంతో నిద్రలో ఊపిరి కాసేపు ఆగుతుంది, ఉలిక్కిపడి లేస్తాడు. రాత్రంతా అదే వరస. అక్కడ 'నిద్ర పట్టడం లేదా, పాలు తాగండి' అన్న పాఠం పనిచేయదు. ఇది ఎత్తు వల్ల వచ్చేదనీ, మద్యమూ, సొంతంగా వేసుకునే నిద్రమాత్రలూ ఆ ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయనీ చెప్పే పాఠం కావాలి. ఇంకొకటి ఇంటివాళ్ళ చేతిలో ఉన్నది. అబ్బాయి రాత్రి పదిన్నరకు వీడియో కాల్ చేస్తే మనకు సంతోషమే. అతను మర్నాడు ఐదింటికి పరేడ్‌కు లేవాలి. 'నాన్నా, నీకు ఏ వేళ కుదురుతుంది, సాయంత్రం మాట్లాడుకుందామా' అని ఇంటినుంచి అడిగితే అతను కాదనడు. ఇంట్లో అప్పుల సంగతి, పొలం తగాదా పడుకునే ముందు చెప్పకపోతే మరీ మంచిది.

లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు కన్ను మూయకుండా అన్నకు కాపలా కాశాడని మనం చెప్పుకుంటాం. ఆ కథలోనే ఇంకో సగం ఉంది. అతని నిద్రను ఊర్మిళ పద్నాలుగేళ్ళు నిద్రపోయింది. ఇంటి ఆడవాళ్ళు ఊర్మిళాదేవి నిద్ర అని పాటగా పాడుకుంటూ ఆ సగాన్ని కాపాడారు. కాపలా కాసేవాడి నిద్రను ఎవరో ఒకరు లెక్కలోకి తీసుకోవాలన్న ఎరుక ఆ కథలో ఉంది. సైన్యంలో ఆ లెక్క దళ నాయకుడిది.

కాబట్టి ఈ పాఠాల్లో కనీసం మూడో వంతు సార్జెంట్లకూ, మన దగ్గరైతే హవల్దార్లకూ సుబేదార్లకూ రాయాలంటాను. వాళ్ళకు పంపే కార్డు ఇలా ఉండవచ్చు. 'రేపు పొద్దున్నే దూరం బండి నడపవలసినవాళ్ళు ఎవరు? వాళ్ళలో ఈ రాత్రి సెంట్రీ డ్యూటీ ఎవరికి పడింది? ఒక పేరు మార్చగలరా?' దీనికి ఒక నిమిషం చాలు. ఇంకో కార్డు: 'రాత్రి తొమ్మిది తర్వాత మీరు దళానికి పంపిన సందేశాల్లో పొద్దున దాకా ఆగగలిగినవి ఎన్ని?' రాత్రి డ్యూటీ దిగినవాణ్ణి ఉదయం పది గంటల మీటింగ్‌కు పిలవకపోవడం, కునుకు తీస్తున్నవాడి పక్కన నిలబడి మిగతావాళ్ళను గట్టిగా మాట్లాడవద్దనడం, ఇవన్నీ నాయకుడు ఒక్క మాటతో చేయగల పనులు. సిపాయి ఒంటరిగా వంద పాఠాలు చదివినా చేయలేనివి.

పాఠాలు పనిచేశాయా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? ఎంతమంది చివరిదాకా చూశారన్న అంకె నివేదికల్లో బాగుంటుంది, కానీ దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. మూడు నెలల తర్వాత అదే మీట పరీక్ష మళ్ళీ పెట్టాలి. సిపాయి తన చివరి డబ్బా వేళ ఎంత ముందుకు జరిపాడో చూడాలి. గురక కార్డు చూసి డాక్టర్ దాకా వెళ్ళినవాళ్ళు ఉన్నారేమో, పేర్లు అడగకుండా, తెలుసుకోవాలి. ఆపైన గోడకు అంటించిన డ్యూటీ పట్టిక దగ్గరకు వెళ్ళి, పాఠాలు మొదలుకాకముందు నెలదీ, ఇప్పటిదీ పక్కపక్కన పెట్టి చదవాలి. పట్టికలో ఒక్క గీత కూడా మారకపోతే, పాఠాలు మళ్ళీ రాయడం మొదలుపెట్టవలసింది నాయకుల కార్డుల నుంచే.